పెరటి బాతులు, 5వ పాఠం: ఎండాకాలంలో బాతు ఉన్నట్టుండి పడిపోతే

పోయిన పాఠంలో నీళ్ళ తొట్టి గురించి చెప్పుకున్నాం. బాతు తల మొత్తం మునిగేంత లోతు ఉండాలని, లేకపోతే కళ్ళు, ముక్కు రంధ్రాలు కడుక్కోలేదని. ఈసారి పాఠం కాస్త టెన్షన్ పెట్టేది. పొద్దున బాగా తిరిగిన బాతు మధ్యాహ్నానికి పడి ఉంటే ఏం చూడాలి, ఏం చేయాలి.

మా ఇల్లు చంద్రగిరి దాటి కాస్త లోపలికి. రోహిణి కార్తెలో ఒకరోజు రెండు గంటలప్పుడు పెట్టబాతు ఒకటి జామచెట్టు కింద చతికిలబడి ఉంది. దగ్గరికి పోయినా లేవలేదు. పక్కింటి అవ్వ గోడ మీదుగా చూసి, "ఎండదెబ్బ నాయినా, తలమింద నీళ్ళు పొయ్యి" అంది. నేనూ అదే అనుకుని చెంబుల కొద్దీ పోశాను. ముప్పావు గంట అలాగే గడిచిపోయింది. అప్పుడు గమనించాను, ఆ బాతు రొప్పడం లేదు. ముక్కు మూసుకునే ఉంది. మెడ మాత్రం తడిసిన తాడులా నేల మీద వాలిపోయింది. అది ఎండదెబ్బ కాదు. నేను చేసిన వైద్యం వేరే జబ్బుకి.

అందుకే ఈ పాఠంలో మందుల కంటే ముందు చూపు నేర్చుకుందాం. పడిపోయిన బాతు దగ్గర కూర్చుని ముందుగా రెండే చూడండి: ముక్కు తెరిచి రొప్పుతోందా, మెడ నిలబెట్టగలుగుతోందా. ఆ తర్వాత కాళ్ళు, ఆఖర్న పెంట రంగు. థర్మామీటర్ కోసం పరుగెత్తకండి. బాతు ఒంటి వేడి మామూలుగానే 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఇంట్లో ఉండే పాత గాజు థర్మామీటర్‌లో గీతలు అక్కడికే అయిపోతాయి.

రొప్పుతుంటే

ముక్కు బార్లా తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుని, గబగబా ఊపిరి తీస్తుంటే అది ఎండదెబ్బ. ముదిరితే తాగినవాడిలా తూలుతుంది, పడుతుంది, ఫిట్స్ వస్తాయి. పక్షికి చెమట పట్టదు. లోపలి వేడి ఊపిరి ద్వారా, కాళ్ళ ద్వారా, ముక్కు ద్వారా బయటికి పోవాలి. తిరుపతిలో మే నెలలో 40 దాటిన గాలి ఉక్కపోతతో కలిస్తే ఆ రొప్పు కూడా పెద్దగా పనిచేయదు.

వీపు మీద నీళ్ళు పోస్తే లాభం తక్కువ. నూనె పట్టిన ఈకలు కదా, నీళ్ళు జారిపోతాయి. మనం దున్నపోతు మీద వాన అంటాం గానీ, నన్నడిగితే ఆ సామెత బాతుకే ఎక్కువ నప్పుతుంది. వెడల్పాటి బేసిన్‌లో కాళ్ళు మునిగేంత నీళ్ళు పోసి అందులో నిలబెట్టండి. నిలబడలేకపోతే చేత్తో పట్టుకోండి. రెక్క ఎత్తి కింద ఈకలు పల్చగా ఉన్న చోట తడిగుడ్డ అద్దండి. ఫ్యాన్ గాలి తగిలేలా నీడలో ఉంచండి. మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు నీళ్ళు ఆ వేళకి కాలిపోతుంటాయి, అవి వద్దు. కుండ నీళ్ళో, అప్పుడే వదిలిన బోరు నీళ్ళో చాలు. ఐసు ముక్కలు వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే పక్షి తట్టుకోలేదు.

తల నిలబెట్టాక తాగడానికి మంచినీళ్ళు పెట్టండి. మెడికల్ షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొడి, మనుషులకి లీటరు నీళ్ళలో కలిపే పాకెట్‌ని రెండు లీటర్లలో కలిపి ఒక పూట ఇవ్వచ్చు. పక్కనే ఉత్త నీళ్ళూ ఉండాలి. ఉప్పు మజ్జిగ మాత్రం మనకే, బాతుకి కాదు. ఎక్కువ ఉప్పు దానికి విషంతో సమానం. అరగంటలో రొప్పు తగ్గకపోతే డాక్టరుకి ఫోన్ చేయాల్సిందే.

మెడ వాలిపోతే

ఇది ఈ పాఠంలో ముఖ్యమైన భాగం. బాతుకి స్పృహ ఉంటుంది, చూస్తూనే ఉంటుంది, కానీ కండరాలు మాట వినవు. ముందు కాళ్ళు, తర్వాత రెక్కలు, చివర్న మెడ. కంటి లోపలి మూల నుంచి సన్నటి పొరలా వచ్చే మూడో రెప్ప సగంలోనే ఆగిపోయి కనిపిస్తుంది. మా బాతు కంటి ముందు వేలు ఆడిస్తే ఆ పొర సగం దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. దీన్ని బొటులిజం అంటారు. క్లాస్ట్రీడియం బొటులినం అనే సూక్ష్మజీవి చేసే విషం, బాతుల్లో ఎక్కువగా సి రకం. నరం నుంచి కండరానికి వెళ్ళే సంకేతాన్ని ఆ విషం ఆపేస్తుంది. ఊపిరి తీసే కండరాల దాకా పాకితే ప్రాణం పోతుంది.

ఈ సూక్ష్మజీవి గాలి చొరబడని చోట, కుళ్ళిన మాంసంలో, వేసవి వేడికి బాగా పెరుగుతుంది. చచ్చిన జంతువు మీద పట్టిన ఈగ పురుగులు ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి, వాటికి ఏమీ కాదు. బాతుకేమో పురుగంటే ప్రాణం. కొన్ని తిన్నా చాలు. ఆ బాతు చచ్చి ఎక్కడో పడి ఉంటే దాని మీద మళ్ళీ పురుగులు, వాటిని తిని ఇంకో బాతు. జబ్బు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకున్నట్టు కనిపించేది ఇందుకే. ఎండి అడుగంటిన కుంటలో, పాచి నీటి బురదలో కూడా ఈ విషం తయారవుతుంది.

నేను ఆ సాయంత్రం పెరడంతా గాలించాను. దిబ్బ పక్కన పాత వరిగడ్డి కింద పందికొక్కు ఒకటి చచ్చి ఉంది, దాని నిండా తెల్లటి పురుగులు. గడ్డి చుట్టూ బాతుల అడుగుజాడలు. అప్పటిదాకా ఆ వాసనని దిబ్బ వాసనే అనుకుంటూ వచ్చాను.

చేయాల్సింది ఇది. బాతుని నీళ్ళ నుంచి దూరంగా తీసేయండి. మెడ నిలవని బాతు అరచేయి లోతు నీళ్ళలో కూడా మునిగి చస్తుంది. బిందె కింద పెట్టే చుట్టకుదురు లాగా తువ్వాలు చుట్టి, దాని మీద తల ఆనించండి, ముక్కు రంధ్రాలు పైకి ఉండాలి. ముక్కు అంచున ఒక్క చుక్క నీళ్ళు పెట్టి మింగుతోందో లేదో చూడండి. మింగితేనే సిరంజితో, సూది తీసేసి, చుక్క చుక్కగా మంచినీళ్ళు పట్టండి. మింగకపోతే బలవంతం వద్దు, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అలాంటప్పుడు గొట్టంతో పట్టడం డాక్టరు చేయాల్సిన పని. కడుపులో మిగిలిన విషాన్ని బయటికి పంపడానికి ఎప్సం సాల్ట్, పీల్చుకోవడానికి యాక్టివేటెడ్ చార్‌కోల్ (మందుగా వాడే బొగ్గు పొడి) వాడతారు. ఎంత అనేది బరువు చూసి డాక్టరు చెప్పాలి. కాళ్ళు చచ్చుబడినా మెడ నిలబెట్టగలిగిన బాతులు నీడ, మంచినీళ్ళు అందితే చాలావరకు రెండు మూడు రోజుల్లో తేరుకుంటాయి. మాది మెడ కూడా పడిపోయిన కేసు. మూడో రోజు పొద్దున తల ఎత్తింది, వారానికి నడిచింది. అదృష్టం అనే చెప్పాలి.

చాలామంది ముందు చేసే పని యాంటీబయాటిక్ పొడి నీళ్ళలో కలపడం. నరాల దగ్గరికి చేరిన విషాన్ని ఆ మందు విరవదు.

మన జిల్లాల్లో ఇంకో అనుమానం

చిత్తూరు, తిరుపతి వైపు వేరుశనగ చెక్క చవగ్గా దొరుకుతుంది కాబట్టి బాతుల దాణాలో అదే కలుపుతాం. మే నెల గాలివానకి తడిసిన బస్తాలో బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చాకే ఈ విషం సంగతి బయటపడింది. బాతు పిల్లలకి ఇది మరీ ప్రమాదం. మేత మానేస్తాయి, కుంటుతాయి, తల వెనక్కి విరుచుకుని కొట్టుకుంటాయి. విరుగుడు లేదు. ఎండబెట్టినా ఉడికించినా ఈ విషం పోదు. బస్తా పారేయడమే.

ఒకటి కాదు, వరసగా పోతుంటే

ఒకట్రెండు రోజుల్లో నాలుగైదు బాతులు పోతే, ఆకుపచ్చ పెంటో రక్తమో కనిపిస్తే, సొంత వైద్యం ఆపేయండి. అది బాతు కలరా కావచ్చు, బాతు ప్లేగు కావచ్చు. కలరాకి యాంటీబయాటిక్ పనిచేస్తుంది. ప్లేగు వైరస్‌ది, దానికి ముందుగా వేసే టీకాయే దారి. బర్డ్ ఫ్లూ అనుమానమూ ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో అది బయటపడింది. మన పక్కనే పులికాట్, నేలపట్టుకి వలస పక్షులు వస్తాయి కూడా. చచ్చిన బాతుని వట్టి చేతుల్తో ముట్టుకోవద్దు, కోయవద్దు, కూర వండవద్దు. 1962 నంబరుకి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. జబ్బేదో తేలాలంటే శవపరీక్ష చేయాలి. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, ముందు ఫోన్‌లో అడిగి, శవాన్ని రెండు కవర్లలో మూసి ఐసు మీద పెట్టి తీసుకెళ్ళండి. డీప్ ఫ్రీజర్‌లో గడ్డ కట్టించకండి, కణాలు పాడై పరీక్షకి పనికిరాదు. మిగతావాటిని బాగా లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి. చెరువులోకి విసిరేస్తే పైన చెప్పిన పురుగుల కథ మళ్ళీ మొదలవుతుంది.

ఈ వారం సాధన

తెల్లవారి ఆరింటికి, బాతు నీడలో తీరికగా ఉన్నప్పుడు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాయండి. మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ లెక్కపెట్టండి. మూడు రోజులు ఇలా చేస్తే మీ బాతుకి ఏది మామూలో మీకే తెలుస్తుంది. ఆదివారం పెరడంతా ఒక కర్రతో గడ్డి, కట్టెలు, రేకులు ఎత్తి చూడండి, ముఖ్యంగా ఎలుకల మందు పెట్టిన ఇళ్ళవాళ్ళు. వచ్చే పాఠంలో వారం వయసు పిల్లల కాళ్ళు ఎందుకు వంకర పోతాయో, అందులో నియాసిన్ అనే విటమిన్ పాత్ర ఏమిటో చూద్దాం.