టేబుల్‌టాప్ ఆర్పీజీకి (టేబుల్ చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ పాత్రలుగా ఆడే ఆటకు) సొంత రూల్స్, ఐటమ్స్ తయారు చేసుకోవడం ఎలా?

1. ముందు ఇబ్బందిని రాయండి

రూల్ సంగతి తర్వాత. ఏది ఇబ్బంది పెడుతోందో ఒక్క వాక్యంలో రాయండి. "ఫైట్లు బోర్ కొడుతున్నాయి" అంటే సరిపోదు. "గాయాలు మాన్పే పోషన్ తాగితే ఆ టర్న్‌లో యాక్షన్ పోతోంది, అందుకే ఎవరూ తాగడం లేదు" అని రాస్తే పరిష్కారం అందులోనే కనిపిస్తుంది: టర్న్‌లో చేసే ముఖ్యమైన పని (యాక్షన్) కాకుండా, అదనంగా దొరికే చిన్న పనితో (బోనస్ యాక్షన్‌తో) తాగనివ్వండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో చాలామంది సొంత రూల్‌గా వాడుకున్నది ఇదే. 2024 రూల్‌బుక్‌లో అదే అసలు రూల్ అయింది. కింది లెక్కలూ ఐదో ఎడిషన్‌వే. వేరే గేమ్‌కు అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

2. డైస్ లెక్క వేయండి

"అటాక్ రోల్‌లో 1 పడితే కత్తి చేజారుతుంది." కొత్త జీఎంలకు (ఆట నడిపేవాళ్లకు) మొదట తట్టే రూల్ ఇది. అటాక్ రోల్ అంటే దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి వేసే డైస్. డీ20 (20 ముఖాల డైస్) మీద 1 పడే అవకాశం 5 శాతం, పెద్దగా అనిపించదు. కానీ 20వ లెవెల్ ఫైటర్ టర్న్‌కు నాలుగు అటాక్‌లు చేస్తాడు. వాటిలో ఒక్కసారైనా 1 పడే అవకాశం 18.5 శాతం. అంటే ఆరితేరినవాడి చేతిలోంచే కత్తి ఎక్కువసార్లు జారుతుంది! ఫైర్‌బాల్ వేసే విజార్డ్ అసలు అటాక్ రోలే చేయడు, కాబట్టి అతనికి ఏ ముప్పూ లేదు. ఈ రూల్ ఉండాల్సిందే అంటే టర్న్‌లో మొదటి అటాక్‌కే పరిమితం చేయండి. అసలు లేకపోతేనే మేలు.

డీ20 మీద ప్రతి +1 విలువ 5 శాతం. అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవడం) అలా కాదు. 11 పడాల్సిన చోట 50 శాతాన్ని 75 చేస్తుంది, 20 పడాల్సిన చోట 5 శాతాన్ని 9.75 మాత్రమే చేస్తుంది.

3. ఐటమ్‌ను ఉన్నదానితో తూచండి

తగిలిన ప్రతి దెబ్బకూ అదనంగా 1డీ6 (ఒక ఆరు ముఖాల డైస్ మీద పడినంత) ఫైర్ డ్యామేజ్ ఇచ్చే కత్తి చేశారనుకుందాం. ఐదో లెవెల్ ఫైటర్, స్ట్రెంగ్త్ 18, లాంగ్‌స్వర్డ్ ఒంటిచేత్తో, టర్న్‌కు రెండు అటాక్‌లు, ఎదుటివాడి ఏసీ (దెబ్బ తగలాలంటే అటాక్ రోల్ చేరాల్సిన అంకె) 15. అటాక్ బోనస్ +7 కాబట్టి 8 పడితే చాలు, అంటే 65 శాతం. క్రిటికల్స్ (20 పడితే వచ్చే అదనపు డ్యామేజ్) వదిలేస్తే:

- మామూలు కత్తి: టర్న్‌కు సగటున 11.05 డ్యామేజ్
- +1 కత్తి (అటాక్ రోల్‌కూ డ్యామేజ్‌కూ 1 కలిపేది): 13.3
- మంటల కత్తి: 15.6

+1 కత్తి తెచ్చే లాభానికి ఇది రెట్టింపు. ఒక్క ప్లేయర్ డ్యామేజ్ 40 శాతం పెరిగితే పక్కవాళ్లు చూస్తూ కూర్చోవాలి. మంటను టర్న్‌లో మొదటిసారి తగిలిన దెబ్బకే పరిమితం చేస్తే అదనం 4.55 నుంచి దాదాపు 3.07కు దిగుతుంది. ఇంకా ఎక్కువనిపిస్తే అట్యూన్‌మెంట్ (వాడాలంటే పాత్ర ముందు ఆ ఐటమ్‌తో బంధం ఏర్పరచుకోవాలన్న షరతు) పెట్టండి. ఒక్కో పాత్రకు మూడు ఐటమ్‌లే అట్యూన్ అవుతాయి కాబట్టి ఏదో ఒకటి వదులుకోవాల్సి రావచ్చు.

4. మాటలు జాగ్రత్త

"టర్న్‌కు ఒకసారి" అని రాస్తే, శత్రువు టర్న్‌లో ఆపర్చునిటీ అటాక్ (మీ అందుబాటులోంచి జరిగిపోయే శత్రువును కొట్టే దెబ్బ) చేసినప్పుడు మంట మళ్లీ వస్తుంది. అది వద్దనుకుంటే "మీ టర్న్‌లో ఒకసారి" అని రాయాలి. ఎప్పుడు పనిచేస్తుంది, ఏ యాక్షన్ ఖర్చవుతుంది, ఎంత దూరం, ఎంతసేపు, ఛార్జీలు (ఐటమ్‌ను ఎన్నిసార్లు వాడొచ్చో ఆ లెక్క) ఎప్పుడు తిరిగి వస్తాయి: ఇవన్నీ రాతలో ఉండాలి. మీరు తప్ప ఇంకొకరు చదివి, మిమ్మల్ని అడగకుండా వాడగలిగితే రాత కుదిరినట్టు.

5. ఆడి చూడండి

క్యాంపెయిన్‌లో (సెషన్ల తరబడి సాగే మీ అసలు ఆటలో) పెట్టేముందు అవే పాత్రలు, అవే మాన్‌స్టర్‌లతో ఒకే ఫైట్‌ను కొత్త రూల్‌తో, అది లేకుండా ఆడండి. డైస్ అదృష్టం మోసం చేస్తుంది కాబట్టి ఒక్కసారితో తేల్చొద్దు. ఒకేసారి రెండు రూల్స్ మార్చితే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. తర్వాత "మూడు సెషన్లు చూద్దాం, కుదరకపోతే మారుస్తాం" అని ప్లేయర్లకు ముందే చెప్పండి. ఇచ్చిన కత్తిని చెప్పాపెట్టకుండా బలహీనం చేస్తే గొడవ ఖాయం.

6. బయట పెట్టాలనుకుంటే

ఐదో ఎడిషన్ ఎస్ఆర్డీ 5.1 డాక్యుమెంట్ (ఇతరులు వాడుకోవడానికి విడుదల చేసిన రూల్స్ సంకలనం) 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ సీసీ బై 4.0 లైసెన్స్ కింద ఉంది. అందులోని రూల్స్ తీసుకుని మీ కంటెంట్ అమ్ముకోవచ్చు కూడా, అయితే అందులో చెప్పిన క్రెడిట్ వాక్యం మీ పుస్తకంలో వేయాలి. రూల్‌బుక్‌లో ఉన్నదల్లా ఎస్ఆర్డీలో ఉండదు. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ అనే మాన్‌స్టర్‌ల స్టాట్ బ్లాక్‌లు (బలాబలాల అంకెల పట్టికలు) అందులో లేవు. వాటి బదులు మీ సొంత మాన్‌స్టర్‌ను పెట్టుకోండి.