పాత ఇంట్లో నెట్‌వర్క్ కేబుల్: కొనేముందు పురికొసతో కొలవండి

బర్కత్‌పురాలో మా పెద్దమ్మ వాళ్లది రాతి గోడల ఇల్లు. గోడ మందం అడుగున్నర, పైకప్పుకు ఇనుప గర్డర్లు, కింద షాబాద్ బండలు. ఫైబర్ కనెక్షన్ ముందుగదిలోకి వచ్చింది కానీ వెనకగదిలో వైఫై నిలవదు. రెండు రాతి గోడలు దాటేసరికి సిగ్నల్‌లో పస ఉండదు. "కేబుల్ వేస్తే వెయ్యి గానీ, గోడలు చెక్కితే సున్నమంతా రాలుతది బిడ్డా" అంది పెద్దమ్మ. ఆమె మాట నిజం. సున్నం గోడకు ఒకచోట గాడి తీస్తే పక్కన జానెడు ఊడి వస్తుంది. అందుకే ఇలాంటి ఇంట్లో ముందు దారి వెతకాలి, తర్వాత ఆ దారిని కొలవాలి, ఆపైనే కేబుల్ కొనాలి.

ఇంతకుముందు ఇంకో ఇంట్లో నేను నేల మీద టేపు పరిచి కొలిచాను. చివరి పాయింటు దగ్గర కేబుల్ నాలుగడుగులు తక్కువపడింది. మధ్యలో అతుకు వేస్తే ఎప్పటికైనా అక్కడే తంటా వస్తుంది కాబట్టి, లాగిందంతా బయటికి తీసి కొత్తది వేశాం. ఆదివారమంతా దానికే పోయింది.

మొదట కాగితం మీద ఇంటి బొమ్మ గీసి, ఏ గదిలో ఏం కావాలో రాయండి. కేబుళ్లన్నీ ఒకేచోట కలవాలి. ఫైబర్ వచ్చే చోటికి దగ్గరగా, ప్లగ్ ఉండి కాస్త గాలి ఆడే సజ్జ అయితే మంచిది. నెట్‌వర్క్ స్విచ్ (ఒక కనెక్షన్‌ను అన్ని కేబుళ్లకూ పంచే పెట్టె) అక్కడ పెట్టి, ప్రతి పాయింటుకూ అక్కడి నుంచే అతుకు లేకుండా ఒక్కో కేబుల్ వెళ్లాలి. గదికి రెండేసి వేయండి. రెండోదానికయ్యే అదనపు ఖర్చు కేబుల్‌దే, శ్రమ ఎలాగూ ఒక్కటే.

ఇక దారి. పాత ఇళ్లలో డిష్ కేబుల్‌కూ ల్యాండ్‌లైన్‌కూ కొట్టిన రంధ్రాలు చాలా ఉంటాయి, ముందు వాటిని వెతకండి. గర్డర్ కింది అంచు చక్కటి ఆసరా, దాని వెంబడి సన్నటి పైపు వేస్తే కంటికి ఆనదు. మిగతాచోట గోడ పైఅంచున కేసింగ్ పట్టీ చాలు. కరెంటు వైర్లున్న పైపులోకి మాత్రం నెట్‌వర్క్ కేబుల్ దూర్చకండి, అది ప్రమాదం. రెండూ పక్కపక్కన నడవాల్సి వస్తే కనీసం 8 అంగుళాల ఎడం ఉంచండి, దాటక తప్పకపోతే నిలువుకు అడ్డంగా దాటించండి. బయటి గోడకు రంధ్రం వేసేటప్పుడు డ్రిల్లును బయటివైపు కాస్త కిందికి వాల్చండి. లేకపోతే వానాకాలం నీళ్లు కేబుల్ పట్టుకుని గదిలోకి వస్తాయి.

కొలతకు టేపు కన్నా పురికొస నమ్మకం. ఒకరు సజ్జ దగ్గర కొస పట్టుకోవాలి, ఇంకొకరు కేబుల్ వెళ్లే దారి వెంబడే పైకెక్కి, మూల తిరిగి, కిందికి దిగి, పాయింటు దగ్గర ముడి వేయాలి. తర్వాత ఆ పురికొసను నేల మీద చాచి కొలవాలి. పెద్దమ్మ ఇంట్లో వెనకగది లెక్క ఇలా తేలింది: సజ్జ నుంచి కప్పు దాకా 3 అడుగులు, హాలు గోడ 18, గోడ మందం ఒకటిన్నర, నడవ 14, మళ్లీ గోడ ఒకటిన్నర, కప్పు నుంచి బల్ల పక్కకి దిగడానికి తొమ్మిదిన్నర. మొత్తం 47.5 అడుగులు. సజ్జ దగ్గర 3 అడుగులు, పాయింటు పెట్టెలో ఒక అడుగు మిగులు ఉంచితే 51.5. దానిపై పదోవంతు కలిపితే దాదాపు 57. నేల మీద హాలూ నడవా కొలిచి ఊరుకుంటే 32 దగ్గరే ఆగేవాళ్లం.

అలా వెనకగదికి రెండు 57లు, మధ్యగదికి రెండు 44లు, మేడ మీది గదికి రెండు 72లు, గేటు కెమెరాకు ఒక 65 వచ్చాయి. మొత్తం 411 అడుగులు, అంటే సుమారు 125 మీటర్లు. పూర్తి పెట్టెలో 305 మీటర్లుంటుంది, కాబట్టి ఇంత పనికి దుకాణంలో విడిగా కొలిపించుకున్నా చాలు. కేబుల్ పైతొడుగు మీద పొడవు గుర్తులు అచ్చయి ఉంటాయి, మొదటి అంకె, చివరి అంకె చూసుకుంటే కొలత తేలిపోతుంది. గిగాబిట్ వేగానికి (సెకనుకు వెయ్యి మెగాబిట్లు) ఒక్కో కేబుల్ 100 మీటర్ల దాకా వెళ్లొచ్చు కాబట్టి ఇంట్లో ఆ దిగులు లేదు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీలో గానీ కోఠిలో గానీ క్యాట్ 6 అనే రకం నెట్‌వర్క్ కేబుల్ అడిగితే రెండు రకాలు చూపిస్తారు. ఒకటి పూర్తి రాగి, రెండోది అల్యూమినియం మీద రాగి పూత. రెండోది చవక, కానీ వంచితే తొందరగా విరుగుతుంది, కేబుల్ మీదుగా కరెంటు తీసుకునే కెమెరాకు పనికిరాదు. ఒకసారి రాగి అని చెప్పి నాకు ఆ పూతదే అంటగట్టారు. అప్పటి నుంచి తీగ కొస మీద బ్లేడుతో గీకి చూశాకే డబ్బులిస్తున్నాను. లోపల తెల్లగా మెరిస్తే వద్దనేయండి. ఎండా వానా తగిలేచోటికి బయటి వాడకానికి చేసిన నల్లతొడుగు కేబుల్ విడిగా తీసుకోండి.

పైపులు, పట్టీల పొడవు కూడా అదే పురికొస చెబుతుంది. ఒకే దారిలో నడిచే కేబుళ్లకు ఒకే పైపు కాబట్టి అక్కడ ఒక్కసారే లెక్కేయండి. 20 మిల్లీమీటర్ల పైపులో రెండు, 25 దానిలో నాలుగు హాయిగా పడతాయి, అంతకు మించి కుక్కకండి. మూలల దగ్గర కేబుల్‌ను మడవకుండా గుండ్రంగా తిప్పాలి. వంపు వ్యాసార్థం కేబుల్ మందానికి నాలుగింతలు, అంటే దాదాపు అంగుళం ఉండాలి.

లాగేముందే రెండు కొసలకూ ఒకే పేరు రాసి అంటించండి. కేబుళ్లతో పాటు ఒక నైలాన్ తాడు కూడా లాగి పైపులోనే వదిలేయండి. రేపు ఇంకో కేబుల్ కావాల్సి వస్తే దాన్ని ఆ తాడుకే కట్టి లాగొచ్చు.