గడ్డి చామంతి మలాం: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

పొలం గట్ల మీద దొరికే గడ్డి చామంతిని కొన్ని ఊళ్లలో గాయపాకు అంటారు, కొన్ని ఊళ్లలో పలకాకు అంటారు. ఆ ఆకును నూనెలో కాచి, తేనె మైనం కలిపితే దోమకాటుకి, చిన్నపాటి దురదకి రాసుకునే మలాం తయారవుతుంది. నేను 100 గ్రాముల కొబ్బరి నూనెకి 20 గ్రాముల మైనం వేస్తాను. ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బందులు ఇవి.

బూజు పట్టింది, పులిసిన వాసన

కారణం తడి. మొదటిసారి నేను పచ్చి ఆకే వేశాను. వారం తిరక్కుండానే మూత లోపల బూడిద రంగు నూగు కనిపించింది. ఆకు కడిగి, నీడలో ఆరబెట్టండి. నలిపితే పొడి కావాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే. కాచేటప్పుడు చిన్న బుడగలు లేస్తున్నంతసేపు దించకండి. సీసాలో తడి చుక్క కూడా ఉండకూడదు. బూజు పట్టినదాన్ని పైపైన తీసేసి వాడొద్దు, మొత్తం పారేయండి.

ఎండాకాలం కారిపోతోంది

కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మళ్లీ కరిగించి ఇంకో 5 గ్రాముల మైనం వేయండి. చల్లని చెంచా మీద ఒక చుక్క వేస్తే ఎంత గట్టిపడుతుందో తెలిసిపోతుంది. మరీ గట్టిగా ఉంటే నూనె కలపండి.

మాడు వాసన

నేరుగా మంట మీద పెట్టారు. అది బాగుపడదు. ఈసారి నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కాచండి.

రాసినచోట మంట, ఎర్రటి దద్దుర్లు

నాకు ఎక్కువ భయం దీంతోనే. ముందు ఆకునే అనుమానించండి. గడ్డి చామంతి పక్కనే వయ్యారిభామ మొలుస్తుంది, అది చర్మానికి అసలు పడదు. గడ్డి చామంతి నేలబారున పాకుతుంది. ఆకు గరుకుగా ఉంటుంది, పిల్లలు పలకలు తుడిచింది అందుకే. సన్నటి పొడుగు కాడ చివర ఒక్కటే పువ్వు, మధ్యలో పసుపు, చుట్టూ నాలుగైదు లేత రేకులు, రేకు కొసన నొక్కులు. వయ్యారిభామ నిటారుగా పెరుగుతుంది. ఆకు క్యారెట్ ఆకులా చీలి ఉంటుంది, చిట్టి తెల్ల పూలు గుంపుగా పూస్తాయి.

సరైన ఆకే కోసినా మంట రావచ్చు. రెండూ ఒకే కుటుంబం మొక్కలు కాబట్టి, వయ్యారిభామ పడనివాళ్లకు ఇదీ పడకపోవచ్చు. వెంటనే సబ్బుతో కడిగేయండి, మళ్లీ రాయొద్దు. కొత్తగా వాడేవాళ్లు ముంజేతి లోపలివైపు కాస్త రాసి రెండు రోజులు చూడాలి.

చెమటకాయలు ఇంకా పెరిగాయి

ఇక్కడ మలాం బాగానే ఉంది, రాసిన చోటే తప్పు. నూనె, మైనం చెమట దారుల్ని మూసేస్తాయి. చెమటకాయలకు చన్నీళ్ల స్నానం, పల్చటి నూలు బట్ట, గాలి చాలు.

వారమైనా తగ్గలేదు

అంచులు గుండ్రంగా పాకుతుంటే తామర కావచ్చు, చర్మం డాక్టర్‌కి చూపించండి. తెగిన గాయం మీద, చీము పట్టినచోట, పసిపిల్లలకు ఇది రాయొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు పాదం మీద చిన్న పుండు కనిపించినా ఇంట్లో ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.