పాత ఎఫ్ఎం ట్యూనర్ కొనే ముందు మీ ఇంటి సిగ్నల్ సంగతి చూడండి

పాత ట్యూనర్ (ఆంప్లిఫైయర్‌కి కలిపి వినే ఎఫ్ఎం రేడియో పెట్టె) కొనాలి అనుకోగానే చాలామంది మోడల్ పేర్ల వెంట పడతారు. మరాంట్జ్ 10బి అంటారు, మెకింటాష్ ఎంఆర్ 78 అంటారు, సాన్సుయ్ టీయూ-717 అంటారు. అవి మంచివే, కాదనను. కానీ మీకు ఏది పనికొస్తుందో తేల్చేది పేరు కాదు, మీ ఇంటి దాకా వచ్చే సిగ్నల్. ట్రాన్స్‌మిటర్ దగ్గర్లోనే ఉందా, చాలా దూరంలో ఉందా, డయల్ మీద స్టేషన్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయా, చుట్టూ పెద్ద భవనాలో కొండలో ఉన్నాయా, ఇవి తెలియకుండా డబ్బు పెట్టకండి.

కాబట్టి మొదటి ఖర్చు ఏంటెన్నా మీద పెట్టండి. వెనక వేలాడే తీగ ముక్కతో ఎంత గొప్ప ట్యూనరైనా సుయ్ మంటూనే ఉంటుంది. రెండు చేతులూ కలిపి సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవు వచ్చే మామూలు డైపోల్ ఏంటెన్నాని కిటికీ దగ్గరో, వీలైతే ఇంటి పైనో, స్టేషన్ ఉన్న దిక్కుకి అడ్డంగా కడితేనే తేడా వెంటనే వినిపిస్తుంది. పాత ట్యూనర్లలో కొన్నింటికి ఏంటెన్నా తీగ బిగించడానికి 300 ఓమ్‌ల స్క్రూలు మాత్రమే ఉంటాయి. మీది 75 ఓమ్‌ల కేబుల్ అయితే మధ్యలో ఆ రెండింటినీ కలిపే చిన్న బాలన్ పెట్టుకోవాలి, అది చవకే.

మోనోలో శుభ్రంగా వినిపించే స్టేషన్ స్టీరియోకి మార్చగానే ఎందుకు బుస్సుమంటుందో తెలిస్తే సగం విషయం అర్థమైనట్టే. ఎడమ, కుడి తేడాని మోసే సమాచారం 38 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, ఎఫ్ఎంలో రొద పై ఫ్రీక్వెన్సీలకు వెళ్ళేకొద్దీ పెరుగుతుంది, అందుకే స్టీరియోలో రొద 20 డెసిబెల్స్ పైనే ఎక్కువగా వస్తుంది. అందువల్ల స్పెసిఫికేషన్లలో 'యూజబుల్ సెన్సిటివిటీ' (ట్యూనర్ ఎలాగోలా పట్టగలిగే అతి తక్కువ సిగ్నల్) అని పెద్దగా వేసే అంకెను నేను పట్టించుకోను, అంత బలహీనమైన సిగ్నల్‌తో ఎవరూ సంగీతం వినలేరు. స్టీరియోలో 50 డెసిబెల్ క్వైటింగ్ అంకె, అంటే రొద సంగీతం కన్నా 50 డెసిబెల్స్ కిందికి దిగడానికి ఎంత సిగ్నల్ కావాలో, అది చూడండి, అది ఎంత తక్కువుంటే అంత మంచిది.

స్టేషన్లు కిక్కిరిసి ఉన్న చోట సెలెక్టివిటీ, అంటే పక్క స్టేషన్లని అడ్డుకునే శక్తి, ముఖ్యం. షీట్లలో కనిపించే 70, 80 డెసిబెల్స్ లాంటి పెద్ద అంకె సాధారణంగా 400 కిలోహెర్ట్జ్ దూరంలో ఉన్న స్టేషన్ గురించి, పక్కనే 200 దూరంలో ఉన్నదాని గురించి కాదు, ఇక్కడ చాలామంది మోసపోతారు. వైడ్, నారో అని ఐఎఫ్ (స్టేషన్లని వడకట్టే లోపలి భాగం) స్విచ్ ఉన్న ట్యూనర్ దొరికితే వదలకండి. నారో పక్క స్టేషన్‌ని అడ్డుకుంటుంది గానీ స్వరం కాస్త నలుగుతుంది, వైడ్‌లో శబ్దం విప్పారినట్టు ఉంటుంది, స్టేషన్‌ని బట్టి మార్చుకోవచ్చు. భవనాల మధ్య ఉండేవాళ్ళు క్యాప్చర్ రేషియో (ఒకే ఫ్రీక్వెన్సీలో వచ్చే రెండు సిగ్నళ్ళలో బలమైనదాన్నే పట్టుకునే శక్తి) కూడా చూసుకోవాలి, 1 డెసిబెల్ దగ్గర ఉంటే చాలా మంచిది, అయితే గోడలకి తగిలి తిరిగొచ్చే సిగ్నళ్ళకి అసలు మందు ఏంటెన్నా దిక్కు మార్చడమే.

అనలాగా, డిజిటలా అనే గొడవ మీద నా అభిప్రాయం చెబుతాను. డెబ్బైల మధ్య నుంచి ఎనభైల మొదటి ఏళ్ళ దాకా వచ్చిన, కనీసం నాలుగు గ్యాంగుల (ఒకే ఇరుసు మీద కలిసి తిరిగే నాలుగు భాగాల) ట్యూనింగ్ కండెన్సర్ ఉన్న అనలాగ్ ట్యూనర్‌కే నా ఓటు. బరువైన నాబ్ తిప్పుతుంటే ముల్లు మెల్లగా మధ్యకొచ్చి నిలబడే సుఖం వేరు, పైగా లోపల ఏదైనా పాడైతే చూసి బాగుచేయొచ్చు. డిజిటల్‌వి స్టేషన్ నుంచి జారిపోవు, మెమరీ ఉంటుంది, వాటిలోనూ గొప్పవి ఉన్నాయి. ఒంక్యో టీ-9090 లాంటిది మంచి స్థితిలో దొరికితే నేనూ వద్దనను.

జపాన్‌లో అక్కడివాళ్ళ కోసం చేసిన పీసుల విషయంలో జాగ్రత్త. వాటి డయల్ 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకానే ఉంటుంది కాబట్టి 90 పైన ఉన్న స్టేషన్లు దొరకవు, కరెంటు 100 వోల్టులు. అలాగే డీ-ఎంఫసిస్, అంటే ప్రసారంలో పెంచి పంపిన పై స్వరాల్ని ట్యూనర్ తిరిగి తగ్గించడం: అమెరికా పద్ధతి 75 మైక్రోసెకన్లు, యూరప్‌తో పాటు చాలా దేశాల్లో 50. తేడా ఉంటే పై స్వరాలు మందంగానో, పదునుగానో వినిపిస్తాయి. కొన్నింటికి వెనక స్విచ్ ఉంటుంది, లేకపోతే మెకానిక్ చిన్న కెపాసిటర్లు మారిస్తే సరిపోతుంది.

ఇక చేతికొచ్చిన పీసుని ఎలా పరీక్షించాలో చెబుతాను, దీనికి తొందరపడొద్దు. ఆన్ చేసి ఇరవై నిమిషాలు వదిలేయండి, ఆ తర్వాత ట్యూన్ చేసిన స్టేషన్ పక్కకి జారుతుందేమో చూడండి. సిగ్నల్ మీటర్ గరిష్ఠానికి చేరిన చోటే సెంటర్ మీటర్ (స్టేషన్ సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూపే మీటర్) ముల్లు నట్టనడుమ నిలబడాలి. రెండూ వేర్వేరు చోట్ల నిలిస్తే అలైన్‌మెంట్ (లోపలి కాయిల్స్ సర్దుబాటు) తప్పిందన్నమాట. స్టీరియో దీపం వెలగాలి, రెండు వైపులా శబ్దం సమానంగా ఉండాలి, మాట్లాడేవాళ్ళ 'స', 'ష' అక్షరాలు చిరిగినట్టు రాకూడదు. నాబ్‌లు, స్విచ్‌లు గరగరలాడితే భయపడక్కర్లేదు, కాంటాక్ట్ క్లీనర్‌తో చాలావరకు పోతుంది. డయల్ లైటు పోవడం, డయల్ దారం వదులవడం కూడా చిన్న పనులే.

నేనొకసారి మెరిసిపోతున్న ట్యూనర్ కొన్నాను, 'పూర్తిగా సర్వీస్ చేశాం' అన్నారు. ఇంటికి తెచ్చి పెడితే ప్రతి 'స' శబ్దం పగిలిపోతోంది. మూత తీసి చూస్తే ఎవరో ఐఎఫ్ కాయిల్స్‌ని స్క్రూడ్రైవర్‌తో ఇష్టమొచ్చినట్టు తిప్పారు, రెండింటి కోర్లు విరిగిపోయి ఉన్నాయి. అప్పటి నుంచి పై డబ్బా గీతలు పట్టించుకోను, మూత తీసి చూపించమంటాను. కాయిల్స్ మీద స్క్రూడ్రైవర్ గాట్లు, ఉబ్బిన కెపాసిటర్లు, కాలిన మరకలు, ఈ మూడూ చూస్తాను. మీరు కూడా లోపలి కాయిల్స్ ముట్టుకోకండి, ఎఫ్ఎం సిగ్నల్ జనరేటర్, డిస్టార్షన్ మీటర్ ఉన్న మెకానిక్‌కే ఇవ్వండి. కొనే ధరలోంచి అలైన్‌మెంట్ ఖర్చు ముందే పక్కన పెట్టుకోండి. గొప్ప పేరున్న మోడల్ అలైన్‌మెంట్ తప్పి ఉంటే దానికన్నా, మధ్య రకం మోడల్ సరిగ్గా ట్యూన్ చేయించినదే బాగా పాడుతుంది.

ఆంప్లిఫైయర్‌కి కలిపేటప్పుడు ఫిక్స్‌డ్ అవుట్‌పుట్ వాడండి, వేరియబుల్‌లో పాత వాల్యూమ్ కంట్రోల్ మురికి కూడా శబ్దంలోకి వస్తుంది. ఆ తర్వాత మోనోలో ఒక స్టేషన్ పెట్టి, ఏంటెన్నాని కాస్త కాస్త తిప్పుతూ రొద ఎక్కడ తగ్గుతుందో చెవితో పట్టుకోండి, అక్కడే బిగించి స్టీరియోకి మార్చండి.