మందుల యాప్ పనికొస్తుందో లేదో ఇలా చూడండి

మా కోనసీమలో నాలుగు బిళ్లలే అడిగితే స్ట్రిప్ కత్తిరించి ఇస్తారు, పేరు సగమే ఉంటుంది, ఎక్స్‌పైరీ ఎగిరిపోతుంది, ఇక ఫోన్లో యాప్ వెతుక్కోవడమే. యాప్ ఫోన్లో ఎక్కించుకోగానే బాగా తెలిసిన మందుతో పరీక్ష పెట్టండి. డోలో 650 అని కొడితే పారాసెటమాల్ 650 మిల్లీగ్రాములని, పెద్దవాళ్లకైనా రోజుకి 4 గ్రాములు దాటకూడదని చెప్పాలి. ఎసిటమినోఫెన్ అని కనిపిస్తే కంగారొద్దు, అదే మందుకి అమెరికా పేరు. తర్వాత రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, నొప్పుల బిళ్ల ఐబుప్రోఫెన్ రెండూ కలిపి కొట్టండి; రక్తస్రావం ప్రమాదమని హెచ్చరించకపోతే ఆ యాప్ తీసిపారేయండి. అందులోని సమాచారం ఎవరు రాశారో, ఎప్పుడు మార్చారో లేకపోయినా అంతే. 'ఇప్పుడే కొనండి' బటన్ మాత్రం గుమ్మడికాయంత ఉంటే నాకు అనుమానమే. మా అత్తయ్య బీపీ బిళ్ల డోసు మాత్రం ఏ యాప్ చూసీ మార్చం, డాక్టర్నే అడుగుతాం.