బెంగళూరులో మెస్సో పీజీయో నడుపుతున్నారా? స్టాఫ్ పేపర్లు ఇలా సర్దుకోండి

మారతహళ్లి, కేఆర్ పురం, బీటీఎం వైపు మన వాళ్ళ మెస్సులు, పీజీలు చాలావాటిల్లో స్టాఫ్ లెక్కంతా గల్లాపెట్టె పక్కనున్న ఒక నోట్‌బుక్కులోనే ఉంటుంది, ఎవడికెంత అడ్వాన్స్ ఇచ్చాం, ఎవడు ఎన్ని రోజులు రాలేదు అంతే. 2025 నవంబర్ 21న నాలుగు కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాక ఆ నోట్‌బుక్కుతో పని జరగదు. పాత చట్టాలు 29 కలిపి ఈ నాలుగు చేశారు.

మొదట అపాయింట్‌మెంట్ లెటర్. ఇప్పుడు ప్రతి వర్కర్‌కీ ఇవ్వాల్సిందే, గిన్నెలు కడిగే అబ్బాయికి కూడా. పెద్ద లాయర్ భాష అక్కర్లేదు, పేరు, పని, చేరిన తేదీ, జీతం విడివిడిగా, వారానికి ఎన్ని గంటలు, వీక్లీ ఆఫ్ ఏ రోజు, ఇవి రాసి ఇద్దరూ సంతకం పెట్టి ఒక కాపీ వాళ్ళకిచ్చేయండి. బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కుర్రాళ్ళకి హిందీలో ఒకసారి చదివి వినిపిస్తే మంచిది. గంటల దగ్గర జాగ్రత్త, పొద్దున ఐదింటికి ఇడ్లీ పిండి దగ్గర మొదలైన మాస్టరే రాత్రి పదకొండుకి షట్టర్ దించుతుంటాడు మన దగ్గర, వారానికి 48 గంటలు దాటితే ఓటీ (ఓవర్‌టైమ్) డబుల్ రేటు, కాబట్టి రెండు షిఫ్టులు వేసుకోవడమే చవక.

ఇంక జీతం విడదీయడం, అందరూ తికమక పడేది ఇక్కడే. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె), కన్వేయన్స్ (రాకపోకల ఖర్చు) లాంటి అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటకూడదు, దాటితే ఆ ఎక్కువైంది కూడా వేతనం కిందే లెక్క. ఉదాహరణకి మేనేజర్‌కి 30,000 ఇస్తూ బేసిక్ 10,000, హెచ్‌ఆర్‌ఏ 12,000, కన్వేయన్స్ 8,000 అని రాశారనుకోండి, అలవెన్సులు 20,000 అయ్యాయి, సగం అంటే 15,000, పైనున్న 5,000 వచ్చి బేసిక్‌లో కలుస్తుంది, అంటే చట్టం దృష్టిలో ఆయన వేతనం 15,000. పీఎఫ్ (రిటైర్‌మెంట్ పొదుపు) 15,000 సీలింగ్ మీద, అంటే లెక్కకి తీసుకునే గరిష్ఠ వేతనం మీద, ఎలాగూ 12 శాతం అంటే 1,800 కడుతున్నవాళ్ళకి చేతికొచ్చే జీతం తగ్గదు, తేడా వచ్చేది ఎక్కువగా గ్రాట్యుటీలో, అంటే ఉద్యోగం ముగిశాక ఒకేసారి ఇచ్చే మొత్తంలో. పది మంది, అంతకన్నా ఎక్కువ స్టాఫ్ ఉన్నచోట ఫిక్స్‌డ్ టర్మ్ (ఇంత కాలానికని ముందే రాసుకున్న ఉద్యోగం) మీద పెట్టుకున్నవాళ్ళకి ఏడాదికే గ్రాట్యుటీ వస్తుంది, పై లెక్కలో సుమారు 8,650.

పది మంది ఉంటే ఈఎస్‌ఐ (స్టాఫ్‌కి వైద్య బీమా), ఇరవై ఉంటే పీఎఫ్ తప్పనిసరి. ఈఎస్‌ఐ నెలకి 21,000 లోపు వాళ్ళకి, మీ వాటా 3.25 శాతం, వాళ్ళది 0.75.

అడ్వాన్స్ సంగతి. సంక్రాంతికి ముందు వంటమాస్టర్ యాభై వేలు అడుగుతాడు, ఇవ్వకపోతే పక్క మెస్సు వాడు ఎగరేసుకుపోతాడు, ఇది మనకి తెలిసిన కథే. ఇవ్వండి, కానీ బ్యాంకులో వేసి నెలకెంత కోస్తారో కాగితం మీద రాసుకోండి, ఒక నెలలో అన్ని కోతలూ కలిపి వేతనంలో సగం దాటకూడదు. జీతం కూడా తర్వాతి నెల 7వ తేదీ లోపు పడాలి.

మానేసినవాడి లెక్క రెండు వర్కింగ్ డేస్‌లో తేల్చేయాలి, మీరు తీసేసినా, వాడే వెళ్ళిపోయినా సరే. పండక్కి ఊరెళ్ళి తిరిగిరాని వాళ్ళతోనే తలనొప్పి, అందుకే "ఫలానా తేదీ నుంచి మానేస్తున్నా" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తీసుకుని స్క్రీన్‌షాట్ దాచుకోండి, లేకపోతే ఆ రెండు రోజులు ఎప్పట్నుంచి మొదలయ్యాయో రేపు గొడవ పడాలి.

కోడ్‌లొచ్చాయి కదా అని షాప్స్ రిజిస్ట్రేషన్ వదిలేస్తున్నారు కొందరు, అది తప్పు, కర్ణాటక 1961 షాప్స్ చట్టం ఆ 29లో లేదు. కర్ణాటక కార్మిక శాఖ ఈ-కార్మిక పోర్టల్‌లో సర్టిఫికెట్ తేదీ చూసుకోండి, ఐదేళ్ళకోసారి రెన్యువల్.

మెస్సు పేరు బోర్డు కూడా చూసుకోండి. కర్ణాటక కన్నడ భాషా చట్టానికి చేసిన 2024 సవరణ ప్రకారం 60 శాతం కన్నడ, అదీ పైభాగంలో. 2023 డిసెంబర్‌లో కన్నడ లేని బోర్డులు పగలగొట్టిన గొడవ గుర్తుందిగా. తెలుగులో పేరు కింద పెట్టుకోండి, కస్టమర్ పప్పు వాసన పట్టుకుని ఎలాగూ వస్తాడు. కొత్త బోర్డు రాయించేటప్పుడు కన్నడ బాగా వచ్చినవాళ్ళతో ఒత్తులు చదివించండి.

ఇక ప్రొఫెషనల్ ట్యాక్స్ (జీతాల మీద రాష్ట్రం వేసే పన్ను), 25,000, ఆపైన జీతం ఉన్నవాళ్ళకి నెలకి 200, ఫిబ్రవరిలో మాత్రం 300. 2025 ఏప్రిల్ నుంచి ఇలా మారింది, మీ ఆడిటర్ ఇంకా పన్నెండు నెలలూ 200 కోస్తున్నాడేమో ఒకసారి ఫోన్ చేసి అడగండి.