ఐకాన్ కనపడట్లేదంటే ముందు మీటర్లు లెక్కపెట్టండి

షాడోరన్ అనే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆట 5వ ఎడిషన్‌లో డెక్కర్‌గా (హ్యాకర్ పాత్రగా) రెండు మూడు సిట్టింగులు ఆడినవాళ్లకీ, వాళ్లను ఆడించే జీఎంలకీ (గేమ్ మాస్టర్లకీ) ఇది. మార్క్ (హ్యాక్ చేసినదాని మీద పడే అనుమతి గుర్తు) ఎలా పనిచేస్తుంది, డెక్ (హ్యాకింగ్ కంప్యూటర్) ఎలా సర్దుకోవాలి అనేవి ఇక్కడ ఉండవు. ఉదాహరణలన్నిటికీ ఒకటే చోటు: భీమవరం పక్కన చదరంగా తవ్విన నాలుగెకరాల రొయ్యల చెరువు. ఒక గట్టు మీద మోటారు షెడ్డు, ఎదురు గట్టు మీద కాపలా పాక. ఏరియేటర్లు, ఆక్సిజన్ సెన్సర్లు, కెమెరాలు, కాపలావాళ్ల తుపాకులు అన్నీ వైర్‌లెస్ మీద ఉన్నాయి.

"వెతికాను, ఏమీ లేదంటున్నారు"

డైస్ విసిరే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఈ రెండూ వదిలేసి అరగంట వాదించుకునే టేబుళ్లే ఎక్కువ.

ఒకటి, ఆ డివైసు వైర్‌లెస్ ఆన్‌లో ఉందా? ఆఫ్ చేసి ఉంటే మేట్రిక్స్‌లో (ఆటలోని వైర్‌లెస్ నెట్‌వర్క్ లోకంలో) దానికి ఐకానే (అక్కడ కనపడే రూపమే) లేదు. ఎన్ని హిట్లు (5 లేదా 6 పడిన డైస్) వచ్చినా దొరకదు. దగ్గరికెళ్లి కేబుల్ పెట్టాల్సిందే.

రెండు, ఎన్ని మీటర్లు? 100 మీటర్ల లోపు ఉండి, దాక్కోకుండా ఉన్న ఐకాన్ ఏదైనా టెస్టు లేకుండానే కనిపిస్తుంది. డెక్కర్ చేత డైస్ వేయించడమే తప్పు. 100 దాటితే మేట్రిక్స్ పర్సెప్షన్ (వెతికే టెస్టు): కంప్యూటర్ నైపుణ్యం + ఇంట్యూషన్ కలిపి అన్ని డైస్, లిమిట్ (లెక్కకొచ్చే హిట్ల హద్దు) డెక్ డేటా ప్రాసెసింగ్, ఒక్క హిట్ చాలు.

మన ప్రాంతంలో దూరాన్ని కంటితో అంచనా వేస్తే మోసపోతాం. రెండున్నర ఎకరాల చదరపు చెరువుకి ఒక వైపు పొడవు సుమారు 100 మీటర్లు. నాలుగెకరాలైతే 127. అంటే షెడ్డు దగ్గర నిలబడ్డ డెక్కర్‌కి తన గట్టు మీద సెన్సర్లు ఊరికే కనిపిస్తాయి, ఎదురు గట్టు మీద పాకలోవి కనిపించవు. మ్యాప్ గీసినప్పుడే ఎకరాలను మీటర్లలోకి మార్చి రాసి పెట్టుకోండి.

"దాక్కున్నది ఉందని తెలిసింది, అయినా హ్యాక్ చేయనివ్వట్లేదు"

అసలు చిక్కు ఇదే. రూల్ తెలిసినవాళ్లు కూడా ఇక్కడే పడతారు.

రన్నింగ్ సైలెంట్‌లో (కావాలని దాక్కుని) ఉన్న ఐకాన్‌ను పట్టుకోవడం ఒక పని కాదు, రెండు పనులు. మొదటిది "ఇక్కడ ఎవరైనా దాక్కున్నారా?" అని మేట్రిక్స్ పర్సెప్షన్‌లో ఒక హిట్ ఖర్చుపెట్టి అడగడం. జవాబు అవును, కాదు అని మాత్రమే వస్తుంది. ఏది, ఎక్కడ అన్నది రాదు. ఈ ప్రశ్నకి జవాబు 100 మీటర్ల లోపలికే. ఎదురు గట్టు మీద దాక్కున్న తుపాకీ గురించి షెడ్డు దగ్గర అడిగితే "లేదు" అనే వస్తుంది, అది సరైన జవాబే. జీఎం అబద్ధం చెప్పాడని డెక్కర్ అనుకుంటాడు. కాలువ గట్టు మీద ముప్ఫై మీటర్లు ముందుకి నడిచి మళ్లీ అడిగితే జవాబు మారుతుంది.

రెండోది, దాన్ని పట్టుకోవడం. ఇది ఎదురెదురు టెస్టు: మీ కంప్యూటర్ + ఇంట్యూషన్‌కి ఎదురుగా దాని లాజిక్ + స్లీజ్ (దాక్కునే సామర్థ్యం). సమానంగా వస్తే దాక్కున్నదే గెలుస్తుంది. మనిషి ఎవరూ పట్టించుకోని మామూలు కెమెరాకి లాజిక్ బదులు డివైస్ రేటింగ్ వేస్తారు, స్లీజ్ సున్నా. రేటింగ్ 2 కెమెరాకి రెండే డైస్. 9 డైస్ ఉన్న డెక్కర్‌కి సగటున 3 హిట్లు వస్తాయి కాబట్టి అది నిలబడదు.

మరి ఎందుకు దొరకట్లేదు? దాక్కున్నవి ఒకటి కంటే ఎక్కువ ఉంటే, వాటిలో దేన్ని చూస్తున్నారో మీరు ఎంచుకోలేరు. యాదృచ్ఛికంగా తీయాలి. ఆరు ఉంటే మీకు కావలసిన తుపాకీ మొదటిసారే వచ్చే అవకాశం ఆరింట ఒకటి. ప్రతి ప్రయత్నానికీ ఒక కాంప్లెక్స్ యాక్షన్ (మీ వంతు మొత్తం) పోతుంది, కొట్లాట మధ్యలో అది చాలా ఖరీదు.

దీనికి మందు అదే రూల్‌లో ఉంది, చదివినవాళ్లు తక్కువ. దాక్కున్న ఐకాన్ గురించి కనీసం ఒక లక్షణం తెలిస్తే దాన్నే వెతకొచ్చు. "దాక్కున్నవాటిలో ఒకదాన్ని చూస్తా" అంటే చీట్లు తీయాలి. "పాక గుమ్మంలో కూర్చున్నవాడి చేతిలో తుపాకీని చూస్తా" అంటే చీట్లు అక్కర్లేదు, నేరుగా ఎదురెదురు టెస్టుకి వెళ్లాలి. కంటితో చూడటం లక్షణం తెలిసినట్టే అని నా తీర్పు. అందుకే డెక్కర్ కంటే ముందు కళ్లు చురుకైనవాణ్ణి గట్టు మీదికి ఎక్కించాలి. వాడు "పాక కప్పు కింద ఎడం పక్క కెమెరా ఉంది బాబాయ్" అన్నాడంటే డెక్కర్ పని సగం అయిపోయినట్టే.

దీన్ని తిప్పికొట్టడానికి కొందరు ఆటగాళ్లు జేబు నిండా ట్యాగులు (చిన్న వైర్‌లెస్ చిప్పులు) వేసుకుని అన్నిటినీ సైలెంట్‌లో పెడతారు, చీటీల్లో తమ ఐకాన్ రాకుండా. దానికి జీఎంగా నా పద్ధతి: ఒక మనిషి ఒంటి మీద ఉన్నవన్నీ కలిపి చీటీల్లో ఒకటే. రూల్‌బుక్ కూడా ఒక మనిషి పాన్‌ను (ఒంటి మీది డివైసుల నెట్‌వర్క్‌ను) మామూలుగా ఒక్క ఐకాన్‌గానే చూపిస్తుంది. దీన్ని ఆట మొదలుకాకముందే చెప్పాలి, మధ్యలో చెబితే గొడవ.

ఐకాన్ దొరికాక ఆలస్యం చేయకండి. అది హైడ్ యాక్షన్‌తో మళ్లీ మాయమవచ్చు. దాని మీద మీ మార్క్ పడిందా, ఇక మీ నుంచి దాక్కోలేదు.

"షీట్ మీద 9 డైస్, చేతిలో 2"

డైస్ కోతలు అన్నీ కలిసి పడుతున్నాయి. మీరే సైలెంట్‌లో ఉంటే మీ ప్రతి మేట్రిక్స్ యాక్షన్‌కీ 2 పోతాయి. పబ్లిక్ గ్రిడ్ (అందరూ ఉచితంగా వాడే నెట్‌వర్క్) మీద ఉంటే ఇంకో 2. ఆపైన నాయిస్ (సిగ్నల్‌కి అడ్డు, ఎంతుంటే అన్ని డైస్ పోతాయి): 100 మీటర్ల వరకు 0, కిలోమీటరు వరకు 1, పది కిలోమీటర్ల వరకు 3, వంద వరకు 5, అది దాటితే 8. గోదావరి బ్యారేజీకి ధవళేశ్వరం వైపు కూర్చుని విజ్జేశ్వరం చివర కెమెరాను పట్టుకోవాలంటే 3. కాకినాడ నుంచి రాజమండ్రి అంటే 5.

చెట్ల లెక్క ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. దట్టమైన ఆకుల గుండా ప్రతి 5 మీటర్లకీ నాయిస్ 1. పాతిక అడుగుల ఎడంతో వేసిన ఉత్త కొబ్బరితోటలో కింద మానులే, దానికి నేను ఏమీ వేయను. అదే తోటలో అరటి, కోకో అంతరపంటగా ఉంటే 30 మీటర్లకి 6 వేస్తాను. రేటింగ్ 2 డివైసుకి అక్కడ వైర్‌లెస్ లాభాలు కూడా పోతాయి.

సిగ్నల్ స్క్రబ్ ప్రోగ్రామ్ 2 నాయిస్ తగ్గిస్తుంది. కేబుల్ పెడితే నాయిస్, గ్రిడ్ కోతలు మొత్తం పోతాయి, పైగా ఆ డివైసు తన మాస్టర్ (దాన్ని కాపాడే పై డివైసు) ఫైర్‌వాల్ చాటున దాక్కోలేదు. చెరువు సామాను అంతా ఒక హోస్ట్‌కి (మేట్రిక్స్‌లోని సర్వర్‌కి) కట్టి ఉంటే హోస్ట్‌లోకి దూరండి. లోపల దూరం లెక్కే లేదు, దానికి కట్టిన ప్రతి డివైసుకీ నేరుగా తగులుకున్నట్టే.

"మార్క్ పడిన వెంటనే కాపలావాడు లేచాడు"

బ్రూట్ ఫోర్స్ (మోటుగా బద్దలుకొట్టి మార్క్ వేసే పద్ధతి) వాడారు. అది గెలిచినా దాడి జరిగిందని అవతలికి తెలుస్తుంది, ఎవరు చేశారో తెలియదు. హాక్ ఆన్ ద ఫ్లై (చప్పుడు లేకుండా మార్క్ వేసే పద్ధతి) గెలిస్తే ఏమీ తెలియదు, ఓడితే మాత్రం మీ మీద వాళ్లకి ఒక మార్క్ ఊరికే పోతుంది. గెలిచినా ఓడినా అవతలివాళ్లకి వచ్చిన హిట్లు మీ ఓవర్‌వాచ్ స్కోర్‌కి (మేట్రిక్స్ కాపలాదారులు మీ అక్రమాలకి వేసే లెక్కకి) చేరతాయి, ఆపైన ప్రతి 15 నిమిషాలకీ 2 డైస్ మొత్తం. 40 అయిందా, పని ఆగిపోయినట్టే. ఆ లెక్క జీఎం దగ్గర కాగితం మీద ఉండాలి. పర్సెప్షన్‌కి ఈ స్కోర్ పెరగదు, భయపడకుండా వెతకండి.

జామర్ (సిగ్నల్ చెడగొట్టే పరికరం), ఫారడే గది (సిగ్నల్ దూరని గది), టెక్నోమాన్సర్ స్ప్రైట్ (డెక్ లేకుండా హ్యాక్ చేసేవాళ్లు పుట్టించే డిజిటల్ జీవి) లాంటివి అరుదు. పైవన్నీ చూశాక కూడా లెక్క కుదరకపోతేనే వాటి పేజీలు తిప్పండి.